శిలలపై అడుగుజాడలు చదివిన ఎడ్వర్డు హిచ్‌కాకు

వాన వెలిసిన మరునాటి ఉదయమున మైదుకూరు ప్రాంతపు గొఱ్ఱెలకాపరి యెవడైనను బాటను చూచి, రాత్రి అటుగా నడచిన జంతువేదో, అది ఏ దిక్కునకు పోయినదో, మెల్లగా నడచినదో పరుగెత్తినదో, కుంటుచు పోయినదో చెప్పగలడు. జంతువును అతడు కన్నులార చూడలేదు. బురదపై అది విడిచిపోయిన గుర్తులే అతనికి సాక్ష్యము. ఈ విద్యనే సుమారు 20 కోట్ల సంవత్సరముల నాటి బురదపై ప్రయోగించి, మానవుడెన్నడును చూడని జంతువుల నడకను లోకమునకు తెలిపినవాడు ఎడ్వర్డు హిచ్‌కాకు. ఆయన అమెరికా దేశీయుడు. శిలలపై నిలిచిన అడుగుజాడలను శాస్త్రముగా తీర్చిన వారిలో అగ్రగణ్యుడు. ఆయన చేసిన పని ఎంత గొప్పదో, పడిన పొరపాటును అంత పెద్దది. ఆ రెండింటిని కలిపి చూచినప్పుడే ఆ జీవితము మనకు ఉపదేశప్రాయమగును.

హిచ్‌కాకు 1793వ సంవత్సరము మే నెల 24వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రములోని డీర్‌ఫీల్డు గ్రామమున జన్మించెను. తండ్రి టోపీలు కుట్టి అమ్ముకొని జీవించు పేదవాడు. బాలుడు పగలు పొలములో పనిచేయుచు, రాత్రివేళ చదువుకొనుచుండెను. మేనమామ హోయిటు అనునతడు గణితమునందును ఖగోళమునందును అభిరుచి గలవాడగుటచే, మేనల్లునికి నక్షత్రముల విద్య అబ్బినది. 1811వ సంవత్సరమున ఆకాశమున గొప్ప తోకచుక్క పొడచూపగా, ఆ యువకుడు రాత్రులెన్నియో మేలుకొని దాని గతిని కొలిచి లెక్కలు వ్రాసికొనెను. హార్వర్డు కళాశాలలో చేరవలెనని ఆతని కోరిక. 1814లో గవదబిళ్లల వ్యాధి సోకి కన్నులు దెబ్బతినెను. చదువు సాగక, కళాశాల ఆశ అంతటితో ముగిసెను.

ఇట్టి దెబ్బ తగిలినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండుట సహజము. హిచ్‌కాకు కూర్చుండలేదు. కన్నులు కొంత కుదుటపడిన పిమ్మట నావికుల కొఱకు అచ్చయిన పంచాంగమును ముందుంచుకొని, అందలి గణనములను తానే తిరిగి చేసి, అనేక దోషములను బయటపెట్టెను. పట్టభద్రులు కట్టిన లెక్కను పల్లెటూరి యువకుడు తప్పు పట్టుట ఆ దినములలో సాహసమే. తప్పు ఎవరిదైనను తప్పేయని ఆయన నమ్మెను. ఈ గుణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. జీవితపు చివరిదశలో ఇదే గుణము ఆయనను పరీక్షించెను.

1815లో ఆయన స్వగ్రామములోని పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడాయెను. అచ్చట ఉపాధ్యాయినిగా నున్న ఓరా వైటు అను విదుషిని 1821లో వివాహమాడెను. ఆమె చిత్రలేఖనమున నిపుణురాలు. పిమ్మట భర్త రచించిన గ్రంథములలోని కొండలు, శిలలు, పాదముద్రల చిత్రములలో పెక్కు ఆమె చేతి గీతలే. తరగతిలో విద్యార్థులకు చూపుటకై పెద్ద గుడ్డలపై ఆమె బొమ్మలు వ్రాసియిచ్చెడిది. భార్య సహాయము లేనిదే తన పని సగమును కాదని ఆ పండితుడు ఎఱుగును.

అదే సంవత్సరమున ఆయన కాన్వే గ్రామములోని చర్చికి మతబోధకుడై నాలుగేండ్లు పనిచేసెను. ఆరోగ్యము చాలక ఆ పదవిని వదలి, 1825లో ఆమ్‌హర్‌స్టు కళాశాలలో రసాయన, ప్రకృతి శాస్త్రముల ఆచార్యుడాయెను. కళాశాల పట్టము చేతలేనివాడు కళాశాలకు గురువైన వింత ఇది. 1830లో రాష్ట్ర ప్రభుత్వము తన భూమినంతయు శోధించి శిలల వివరము వ్రాయుమని ఆయనను నియమించెను. ఆయన ఊరూర తిరిగి, కొండలెక్కి, గనులు దిగి, 1833లో పెద్ద నివేదికను సమర్పించెను. ఆ తిరుగుడులో కనెక్టికటు నదీలోయలోని ఎఱ్ఱని ఇసుకరాతి పొరలు ఆయనకు ఇంటి గోడలవలె పరిచితములాయెను. అయినను వాని పైనున్న అడుగుజాడలు మాత్రము అప్పటికి ఆయన కంటబడలేదు.

కంటబడినది మొదట ఒక రైతుబిడ్డకు. 1802లో సౌత్ హాడ్లీ గ్రామమున ప్లైనీ మూడీ అను బాలుడు చేను దున్నుచుండగా నాగలికి ఒక రాతిపలక తగిలెను. దానిపై మూడేసి వ్రేళ్ల పాదముద్రలు వరుసగా కనబడెను. ఇంటివారు దానిని గడపరాయిగా వేసికొనిరి. మన పురాణములలో మనువు ఓడనెక్కి ప్రళయమును దాటినట్లే, క్రైస్తవుల గ్రంథములో నోవహు ఓడనెక్కి జలప్రళయమును దాటెను. ఆ ఓడనుండి ఎగిరిన కాకి విడిచిన గుర్తులే యివియని ఇరుగుపొరుగువారు చెప్పుకొనిరి.

ముప్పది మూడేండ్లు గడచెను. 1835లో గ్రీన్‌ఫీల్డు పట్టణమున బాట ప్రక్కన పరచుటకు నదీతీరపు గనినుండి బండలు తెచ్చిరి. బండలు పరచు కూలివాడు డెక్‌స్టరు మార్షు వానిపై సీమకోడి అడుగులవంటి గుర్తులను గమనించెను. ఈ సంగతి ఆ ఊరి వైద్యుడు జేమ్సు డీన్‌కు తెలిసి, ఆయన హిచ్‌కాకునకు ఉత్తరము వ్రాసెను. హిచ్‌కాకు మొదట నమ్మలేదు. నీటి ఒరిపిడివలననో, రాయి పగులుటవలననో ఏర్పడిన ఆకారము లయియుండునని తలచెను. డీన్ వదలక, సున్నపుముద్దలో అచ్చుతీసి పంపెను. అంతట హిచ్‌కాకు స్వయముగా వచ్చి చూచెను. చూచిన దినమునుండి మరణించువఱకు ఆ అడుగులను వదలలేదు.

ఆ వేసవి అంతయు ఆయన గని తరువాత గని తిరిగెను. ఇంటి మెట్లను, సమాధుల ప్రక్క బాటలను కూడ వంగి పరీక్షించెను. ఆయన చేసిన పని జాడ పట్టువాని పనియే. వ్రేళ్లెన్ని, వాని పొడవెంత, వాని నడుమ ఎడమెంత, గోరు మొనదేలినదా మొద్దుబారినదా, ఒక అడుగునకును మరియొక అడుగునకును దూరమెంత, పాదము లోపలికి తిరిగినదా వెలుపలికి తిరిగినదా, తోక యీడ్చిన గీత కలదా అని ప్రతి బండను కొలిచి వ్రాసెను. ఎడమ కుడి పాదములు ఒకదాని తరువాత ఒకటి క్రమముగా పడుటచే ఇవి నీటి ఒరిపిడి కావనియు, ప్రాణి నడకయేననియు స్థిరపఱచెను. 1836లో ఒక వ్యాసమును ప్రకటించి, ఇవి ప్రాచీన పక్షుల అడుగులని తీర్మానించెను.

ఆ తీర్మానమునకు కారణము లేకపోలేదు. మూడు వ్రేళ్లతో, రెండు కాళ్లపై నడచు ప్రాణి నేడు పక్షి తప్ప వేఱొకటి లేదు. డైనోసారు అను పేరే అప్పటికి పుట్టలేదు. ఇంగ్లండు పండితుడు రిచర్డు ఓవెను ఆ పేరు పెట్టినది 1842లో. కొన్ని పాదములు అడుగుకు మించిన పొడవుండుటచే, అంతటి పక్షి యుండునాయని పలువురు సందేహించిరి. ఇంతలో న్యూజిలాండు దీవిలో మోవా అను మహాపక్షుల యెముకలు బయల్పడెను. ఏనుగంతటి ఎత్తుగల పక్షి నిజముగా నుండెనని తేలగా, హిచ్‌కాకు మాటకు బలము చేకూరెను.

కీర్తి వచ్చినచోటికి కలహమును వచ్చును. మొదట కనుగొన్న గౌరవము తనదేయని డీన్ వైద్యుడు పత్రికలలో వ్రాసెను. గుర్తులు చూపినది నీవే, వాని అర్థము శాస్త్రముగా తేల్చినది నేనేనని హిచ్‌కాకు భావము. ఇరువురి వాదమునందును కొంత న్యాయము కలదు. బండపై మొదట కన్నువేసిన కూలివాడు మార్షు మాత్రము వాదమునకు దిగక, తానే శిలలు వెదకి తవ్వి, తన ఇంటనే గొప్ప సంచయమును కూర్చెను. 1853లో అతడు మరణించిన పిమ్మట ఆ శిలలు వేలమునకు వచ్చెను. హిచ్‌కాకు వానిలో కొన్నింటిని కళాశాల కొఱకు కొనెను. ఒక పాఠశాల బాలుడు, ఒక కూలివాడు, ఒక వైద్యుడు, ఒక ఆచార్యుడు, వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఈ విద్య అంత త్వరగా వెలుగులోనికి వచ్చియుండదు. పేరు మాత్రము ఆచార్యునికే ఎక్కువగా దక్కెను. ఈ సంగతిని దాచక చెప్పుట న్యాయము.

1845లో హిచ్‌కాకు ఆ కళాశాలకే అధ్యక్షుడాయెను. అప్పటికి కళాశాల అప్పులలో మునిగియుండెను. ఆయన ఆదాయవ్యయములు సరిచూచి, దాతలను కూడగట్టి, దానిని నిలబెట్టి, 1854లో అధ్యక్షపదవిని వదలి మరల ఆచార్యుడుగా కూర్చుండెను. స్త్రీవిద్యయందును ఆయనకు శ్రద్ధ కలదు. మేరీ లయను అను విద్యాదాత్రి 1837లో మౌంటు హోలియోకు బాలికా విద్యాలయమును స్థాపించుటకు ముందు హిచ్‌కాకు దంపతుల యింటనే కొంతకాలముండి, వారి ప్రోత్సాహము పొందెను.

అధ్యక్షపదవిలో నున్నప్పుడే, 1848లో, ఆయన ఒక విచిత్రమైన జాడకు అనోమీపసు అని పేరుపెట్టెను. పోలికలేని పాదములు గలదని దానికి అర్థము. వెనుక పాదము పక్షి పాదమువలె మూడు వ్రేళ్లు చాచియుండును. కొన్నిచోట్ల దాని ముందు చిన్న చేతి గుర్తులు కనబడును. ఆ చేతికి పొట్టివ్రేళ్లు ఐదు. మరికొన్ని బండలపై ఆ జంతువు మడమలు నేలకానించి, చేతులు ముందు మోపి, కూర్చుండిన గుర్తు స్పష్టముగా నిలిచియున్నది. పక్షికి ఐదువ్రేళ్ల చేతులెక్కడివి? హిచ్‌కాకు ఈ చిక్కును ఏండ్ల తరబడి ఆలోచించెను. పక్షి లక్షణమును బల్లి లక్షణమును కలిసిన ప్రాణులు కొన్ని ఉండియుండునని ఒప్పుకొనెను. కాని మూడువ్రేళ్ల జాడలలో అధికభాగము పక్షులవేయన్న మూలవాదమును మాత్రము విడువలేకపోయెను.

ఆయన సేకరించిన శిలలకై 1855లో ఆమ్‌హర్‌స్టున ఒక ప్రత్యేక భవనము లేచెను. 1858లో ఆయన మహాగ్రంథము న్యూ ఇంగ్లండు అడుగుజాడల శాస్త్రమను పేర వెలువడెను. విధివిలాస మేమనగా, అదే 1858లో న్యూజెర్సీ రాష్ట్రమున హేడ్రోసారసు అను డైనోసారు ఎముకలను జోసెఫు లైడీ పండితుడు వర్ణించెను. దాని ముందుకాళ్లు పొట్టివి, వెనుకకాళ్లు పొడుగువి. డైనోసారులలో వెనుక కాళ్లపై నిలువగలవియు కలవని అందువలన తెలియవచ్చెను. 1860లో గిల్ గ్రామపు రైతు రాస్‌వెలు ఫీల్డు, ఈ జాడలు పక్షులవి కావనియు సరీసృపములవేననియు ప్రకటించెను. తన పొలములోని బండలను ఏండ్ల తరబడి చూచిన రైతు సత్యమునకు ఆచార్యునికంటె దగ్గరగా వచ్చెను.

ఆ నాటికి హిచ్‌కాకు వృద్ధుడు, రోగపీడితుడు. 1861లో జర్మనీ దేశమున ఆర్కియాప్టెరిక్సు అను ఈకల పక్షి శిలారూపమున దొరకెను. దానికి పొడవైన ఎముకల తోక కలదు. తోక గీతలున్నను ఇవి పక్షులే కావచ్చునన్న తన వాదమునకు అది ఆధారమని ఆయన ఊరట చెందెను. 1863లో భార్య ఓరా మరణించెను. 1864 ఫిబ్రవరి 27వ తేదీన ఆయనయు కన్నుమూసెను. చివరి దినముల వఱకు వ్రాయుచుండిన అనుబంధగ్రంథమును కుమారుడు చార్లెసు 1865లో ప్రకటించెను. యౌవనమున పరుల పంచాంగములోని తప్పులు పట్టినవాడు, తన పెద్దలెక్కలోని తప్పును చూడకయే వెడలిపోయెను.

అయినచో ఆయన శ్రమ వ్యర్థమాయెనా? గ్రామపు లెక్కలు ఎఱిగినవారికి దీని సమాధానము సులభము. పద్దులన్నియు సరిగా వ్రాసి, మొత్తము వేయుటలో పొరపడిన చిట్టాను తరువాత వచ్చినవాడు సరిదిద్దగలడు. మొత్తము కుదురుటకై పద్దులనే మార్చి వ్రాసిన చిట్టాను ఎవడును బాగుచేయలేడు. హిచ్‌కాకు తన వాదమునకు అనుకూలింపని చేతిగుర్తులను, తోక గీతలను, మడమ గుర్తులను దాచలేదు. చూచినది చూచినట్లు కొలిచి, గీసి, బండతో సహా భద్రపఱచెను. అందుచేతనే తరువాతివారు ఆయన బండలనే చూచి ఆయన పొరపాటును దిద్దగలిగిరి.

దిద్దిన పిమ్మట తెలిసిన సంగతులు మిక్కిలి ముచ్చటైనవి. అనోమీపసు జాడలు చిన్న శాకాహార డైనోసారులవి. డైనోసారు అనగా కొండంత మృగమని పలువురి తలపు. ఈ జాడలను విడిచినవానిలో పెక్కింటి పాదము నాలుగైదు అంగుళములే. పాదపు పొడవును నాలుగింతలు చేసినచో నడుము ఎత్తు సుమారుగా వచ్చునని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. ఆ లెక్కన ఇవి మన ఊరి కుక్కయంత ఎత్తువి. ఆకులు అలములు మేయుచు, సాధారణముగా రెండుకాళ్లపై నడచుచు, ఒక్కొక్కప్పుడు చేతులును నేలమోపుచు, అలసినప్పుడు మడమలపై కూర్చుండి సేదదీరుచుండెను. అదే లోయలో మాంసాహార డైనోసారుల జాడలును గలవు. వాని పాదము సన్నము, వ్రేళ్లు దగ్గరదగ్గర, గోళ్లు వాడి. శాకాహారి పాదపు వ్రేళ్లు వెడల్పుగా విడివడి, గోళ్లు మొద్దుబారి యుండును. ఒకే ఒండ్రు తీరమున వేటాడునదియు వేటాడబడునదియు తిరిగెనని ఆ బండలు సాక్ష్యమిచ్చుచున్నవి.

వేగమును కూడ జాడయే చెప్పును. 1976లో ఇంగ్లండు దేశపు ఆచార్యుడు అలెగ్జాండరు దీనికొక సూత్రమును కూర్చెను. ఒక పాదము పడినచోటినుండి అదే పాదము మరల పడుచోటికి గల దూరము నడుము ఎత్తునకు 2 రెట్లు మించనిచో అది నడక. ఇంచుమించు 3 రెట్లయినచో అది పరుగు. ఎముక జంతువు చచ్చిన చోటును చెప్పును. దానిని వఱద ఎచ్చటికో కొట్టుకొనిపోయి యుండవచ్చును. అడుగుజాడ మాత్రము కదలదు. అది జంతువు బ్రతికియున్న ఒక ఘడియను, అది నిలిచిన చోటనే, మనకు చూపును. కొన్ని బండలపై ఆనాటి వానచినుకులు పడిన గుంటలును, ఎండకు బురద పగిలిన నెఱ్ఱెలును చెక్కుచెదరక యున్నవి. మెత్తని ఒండ్రుపై పడిన అడుగు ఎండకు గట్టిపడగా, మరల వచ్చిన నీరు మరియొక పొర ఒండ్రును దానిపై కప్పును. పొరలు యుగములు గడచి రాయిగా మారును. పలక విప్పినప్పుడు క్రిందిపొరపై గుంటయు, పైపొర అడుగున దాని ఎత్తు అచ్చును కనబడును.

హిచ్‌కాకు పక్షివాదమును పూర్తిగా అసత్యమనుటకును వీలులేదు. పక్షులు డైనోసారుల సంతతియేయని నేడు శాస్త్రజ్ఞులు అంగీకరించిరి. మూడువ్రేళ్ల అడుగును చూచి ఆయన పక్షిని తలంచుట బంధుత్వమును గుర్తించుటయే. మనుమని ముఖమును చూచి తాత పేరు చెప్పవలసినచోట, తాత ముఖమును చూచి మనుమని పేరు చెప్పినవాడాయెను.

ఆ లోయలో జాడలు వేలకొలది దొరకినను ఎముకలు మిక్కిలి అరుదు. 1910లో మౌంటు హోలియోకు కళాశాల ఆచార్యురాలు మిగ్నను టాల్బటు ఒక చిన్న మాంసాహార డైనోసారు అస్థిపంజరమును కనుగొనెను. హిచ్‌కాకు దంపతులు చేయూతనిచ్చిన ఆ విద్యాలయపు విదుషికే ఈ భాగ్యము దక్కుట విశేషము. కొన్ని సంవత్సరములకు ఆ ఎముకలు అగ్నిప్రమాదమున నశించెను. హిచ్‌కాకు కూర్చిన బండలు నేటికిని ఆమ్‌హర్‌స్టులోని బెనెస్కి ప్రదర్శనశాలలో నున్నవి. ప్రపంచమున గల అడుగుజాడల సంచయములలో అది మిక్కిలి పెద్దవానిలో నొకటి.

మన జిల్లాలో బండలకు కొదువలేదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నాపరాళ్లు ఇంటింట పరచియున్నవి. కడప కొండల రాళ్లపై పూర్వకాలపు నీటి అలల గుర్తులును కనబడును. వానిలో డైనోసారు అడుగులుండునాయని పిల్లలు అడుగుట సహజము. ఉండవు. కడప శిలాశ్రేణిలో పురాతనమైనవి నూరుకోట్ల సంవత్సరములకు మించినవి. ఆ కాలమున కాళ్లుగల ప్రాణి భూమిపై పుట్టనేలేదు. పులివెందుల దాపున వేంపల్లె రాళ్లలో గుండ్రని పొరలుగా కనబడునవి కంటికానని సూక్ష్మజీవులు కట్టిన కట్టడములు. మన రాయి డైనోసారునకు తాతల తాతల నాటిది. డైనోసారులు కావలెనన్నచో తెలుగుసీమలో గోదావరి లోయకు పోవలెను. అప్పటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి దగ్గఱ దొరకిన ఎముకలకు 1988లో కోటాసారసు అను పేరు పెట్టిరి. అదియు శాకాహారియే, కాని భారీకాయము గలది. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నారు.

హిచ్‌కాకు జీవితమున పఠనీయమైనది ఆయన విజయమొక్కటే కాదు. కన్నులు చెడినను, పట్టము లేకున్నను పుస్తకమును విడువలేదు. సత్యము రైతు నాగటిచాలులోను కూలివాని చేతిబండలోను కూడ దొరకునని ఆ కథ చూపినది. తాను పొరపడినను, తరువాతివాడు దిద్దుకొనుటకు వీలుగా పద్దులు శుద్ధముగా వ్రాసిపెట్టెను. గ్రంథాలయము చేయునదియు ఇదియే. ఒక తరమువారు చూచినదానిని, తప్పొప్పులతో సహా, మరియొక తరమునకు అందజేయుచున్నది. రేపు ఏ బాలుడైనను చేనిలో వింతరాయిని చూచి గడపరాయిగా వేయక, దానిని చేతబట్టుకొని గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము అడిగినచో, ఇరువదియైదు సంవత్సరముల ఈ సంస్థ శ్రమ ఫలించినదని యెన్నవచ్చును.